తొమ్మిదేళ్ళ మార్జొరీ

ఎల్స్పెత్ రేట్ ముప్పై ఏళ్ళు స్కాట్లాండులోని ఫోర్ఫార్ ఊరి చుట్టుపక్కల స్కూలు బస్సు నడిపింది. రిటైరయ్యాక, పాత పత్రాలు చదవడానికి పాస్టరు గారి దగ్గర లాటిన్ నేర్చుకుంది. ఏడువందల ఏళ్ళ కిందటి లోర్మోర్ ప్రభువుల ఆడపిల్లలు ఎవరిని పెళ్ళాడారు, వాళ్ళ సంతానం ఎక్కడెక్కడ స్థిరపడింది, ఇదే ఆమెకు ధ్యాస.

దానికి కారణం లేకపోలేదు. ఆమె తండ్రి చేత్తో గీసిన వంశవృక్షం ఊరి హాలు గోడకుంది. అందులో లోర్మోర్ల ఆఖరి కూతురు మార్జొరీ నుంచి దిగిన కొమ్మ చివర రేట్ల కుటుంబం ఉంది. అక్క జీన్‌కి ఆ పటమంటే ప్రాణం.

మార్చిలో ఎల్స్పెత్ ఎడిన్‌బరో వెళ్ళి, అక్కడి పాత దస్తావేజుల భాండాగారంలో మార్జొరీకి చిన్నప్పుడే కుదిర్చిన పెళ్ళి ఒప్పందాన్ని చూసింది. తోలు మీద రాసిన ఆ పత్రం వెనకవైపు చిన్న అక్షరాల్లో రెండు పంక్తులున్నాయి. పిల్ల తొమ్మిదేళ్ళకే పోయింది, పెళ్ళి జరగలేదు, రాసిచ్చిన పొలాలు వెనక్కి. మూడుసార్లు చదివింది. ఇక ఆ పిల్లకి సంతానమెక్కడిది?

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రైల్లో దారంతా అదే ఆలోచన. ఆదివారం జీన్ ఇంట్లో సూప్ తాగుతూ చెప్పేసింది.

"అయితే నాన్న అబద్ధం రాశాడంటావా?"

"అబద్ధం కాదక్కా. పాత పుస్తకంలో ఉన్నదే నమ్మాడు, పాపం."

"బస్సు తోలేదానివి, నీకెందుకే ఈ లాటిన్? ఉన్న ఒక్క గొప్పా ఊడగొట్టావు!"

మూడు వారాలు జీన్ ఫోన్ చేయలేదు. ఎల్స్పెత్ హాలు పెద్దలతో చెప్పి పటం దించి ఇంటికి తెచ్చుకుంది. తండ్రి చేతిరాత మీద గీత పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు.

నాలుగో వారం జీనే తలుపు తట్టింది. కోటు విప్పకుండానే అడిగింది.

"ఆ పిల్లకి ఏం జబ్బు చేసిందట?"

"రాయలేదక్కా."

"మన చెల్లి మొయిరా కూడా తొమ్మిదేళ్ళకే కదే పోయింది. అమ్మ ఏడాదిపాటు దాని గది తలుపే తీయలేదు." కోటు విప్పి కుర్చీలో కూర్చుంది. "ఆ మార్జొరీ తల్లి పేరైనా ఉందా?"

"ఉంది. క్రిస్టియానా."

తండ్రి పటాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. ఎల్స్పెత్ చెబుతుంటే, చేతిరాత బాగుంటుందని జీనే కొత్త కాగితం మీద లోర్మోర్ల వంశవృక్షాన్ని సరిచేసి రాసింది. మార్జొరీ పేరు దగ్గరికి వచ్చేసరికి కలం మార్చి, తల్లి పేరు పక్కనే, కాస్త పెద్ద అక్షరాలతో రాసింది.