చేదు వెతుక్కుంటూ జువ్వలదిన్నె దాకా

"చేదు తాగడానికి ఎనభై కిలోమీటర్లు పోవాలా? పెరట్లో కాకరతీగ ఉంది, రసం తీసిస్తాను" అన్నాను.

మా ఆయన ప్రభుదాసు గారు ఫోను నా ముఖం ముందు పెట్టారు. "ఇది ఆ చేదు కాదు సలోమీ. బిట్టర్. ఇంగ్లీషోళ్ళ బీరు, బిట్టర్ ఏల్. మన జిల్లాలోనే కాస్తున్నారంట!"

జువ్వలదిన్నె రేవుకు కాస్త ఇవతల, సముద్రపు ఒడ్డున కొత్తగా వచ్చిన చిన్న హోటల్లో సొంతంగా బీరు కాచి పోస్తున్నారని అందులో ఉంది. మా ప్రయాణం అలా ఖాయమైంది.

మా ఆయన కుర్రతనంలో సరుకు ఓడల్లో ఫిట్టరు. ఒకసారి ఓడ చెడిపోయి రెండు నెలలు ఇంగ్లండు రేవులో ఆగిపోయిందట. ఆ రెండు నెలలూ సాయంత్రం కాగానే రేవు పక్క పబ్బులో కూర్చుని ఈ బిట్టర్ తాగేవారట. పెళ్ళయిన ముప్పై అయిదేళ్ళలో ఆ రెండు నెలల కథ నేను ఎన్నిసార్లు విన్నానంటే, ఆ పబ్బులో బల్లలు ఎటువైపు వేసి ఉంటాయో కూడా నాకు తెలుసు. మాది తరతరాలుగా చర్చికి వెళ్ళే కుటుంబం. చిన్నప్పుడు మా ఇంట్లో దగ్గుమందును కూడా వాసన చూసి, అనుమానం తీరాకే తాగించేవాళ్ళు. అయినా బయలుదేరాను. దానికి ఒక కారణం ఉంది.

పోయినేడు వానల్లో జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి మా ఆయన చాలా మంచివారైపోయారు. అంతకుముందు పులుసులో చింతపండు ఎక్కువైంది, వేపుడు మాడింది, కాఫీ పలచబడింది అని రోజూ ఏదో ఒక వంక. జ్వరం తర్వాత ఏం పెట్టినా "బాగుంది" అనేవారు. ఒకరోజు పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను. దానికీ బాగుంది అన్నారు! నేను పొంగిపోయి, మా మనుబోలు చర్చి స్త్రీల కూడికలో లేచి, దేవుడు మా ఆయన నాలుకను మార్చాడని సాక్ష్యం కూడా చెప్పాను. అంత మారిన మనిషి ఒక్క ముచ్చట అడిగితే కాదనడం ఎలా?

బుధవారం ఉదయం ఏడుంబావుకు మనుబోలులో ప్యాసింజరు ఎక్కాం. శనివారం, ఆదివారం ఆ హోటల్లో రద్దీ అని ముందే కనుక్కున్నారు. ఆదివారమైతే నేను ఎలాగూ రాను. ఇంటి నుంచి ఇడ్లీ, కారప్పొడి డబ్బాలో తెచ్చాను. రైలు కదలగానే తినేశాం. ఖాళీ కడుపుతో బీరు రుచి చూడకూడదని మా ఆయన పాఠం చెప్పారు. నిండు కడుపుతో మాత్రం చూడాలని ఎవరు చెప్పారని నేను అడిగాను.

నెల్లూరులో కనకాంబరాల గంప పెట్టుకుని ఒకామె ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. "యాడికి పోతుండారు మా?" అని అడిగింది.

"సముద్రం చూడ్డానికి" అన్నాను.

"బీరు తాగడానికి" అన్నారు మా ఆయన, పెట్టెంతా వినపడేలా.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీరు గూడానా?"

"నేను తోడుకొచ్చాను."

"మా ఇంటాయన యాడ తాగతాడో నాకు చెప్పనే చెప్పడు. మీ ఆయన ఎంబడి పిలుచుకోని పోతుండాడు. పెట్టి పుట్టినావు మా" అంది. ఆ మాటకు మా ఆయన బిట్రగుంట వచ్చేదాకా మీసం దువ్వుకుంటూనే ఉన్నారు.

బిట్రగుంటలో తొమ్మిదింటికి దిగాం. స్టేషను బయట టీ తాగి, ఆటో మాట్లాడుకున్నాం. ఇక్కడి నుంచి సముద్రం వైపు వెళ్ళే బస్సులు తక్కువ. మా తర్వాత వెళ్ళేవాళ్ళు తిరుగు ప్రయాణానికి కూడా ఆటో ముందే మాట్లాడుకుంటే మంచిది. హోటలు పేరు చెప్పగానే ఆటో నడిపే మస్తానయ్య వెనక్కి తిరిగాడు.

"ఆ చల్లగా లేని బీరు హోటలా సార్? ఐసు అడిగితే ఎయ్యరంట గదా! రేవు నిండా ఐసు పెట్టుకోని ఇదేం చోద్యం సార్?"

"బిట్టర్‌కు ఐసు తగలకూడదయ్యా. మట్టికుండలో నీళ్ళంత చల్లగా ఉంటే చాలు. మరీ చల్లబెడితే నాలుక మొద్దుబారి రుచి తెలీదు" అన్నారు మా ఆయన. ఆ తర్వాత దారి పొడవునా మస్తానయ్యకు మూడు రకాల బిట్టర్ల గురించి చెప్పారు. మామూలుది, దాని మీదిది, అన్నింటికన్నా గట్టిది. రొయ్యల చెరువులు, సవక తోటలు దాటుతుంటే మస్తానయ్య "అట్టనా సార్" అంటూ బండి నడిపాడు. నేను చెరువుల్లో తిరిగే నీటి చక్రాలు చూస్తూ కూర్చున్నాను.

పది దాటేసరికి హోటలు ముందు దిగాం. పెంకుల కప్పు, పొడవాటి వసారా, ఎదురుగా ఇసుక, దాని అవతల నీళ్ళు. పదకొండుకు గానీ పొయ్యరు. అప్పటిదాకా తీరిక ఉండటంతో, బీరు కాచే స్రవంతి అనే అమ్మాయి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి చూపించింది. ముప్పై రెండేళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, జడ పైకి ముడి. వాళ్ళది వింజమూరు వైపు వరి పండించే కుటుంబం. బెంగళూరులో ఏడేళ్ళు ఈ పని నేర్చుకుంది.

"మీ నాయనకు తెలుసా అమ్మా?" అని అడిగాను.

"తెలుసు ఆంటీ. ఊళ్ళో మాత్రం కూల్‌డ్రింకుల కంపెనీ అని చెప్తాడు."

మొలకెత్తించి వేయించిన బార్లీ గింజలు నా అరచేతిలో పోసింది. నమిలితే పేలాల్లా ఉన్నాయి. చేదు ఇచ్చేవి హాప్స్ అనే తీగ మొగ్గలు. ఎండి, పచ్చగా, చిన్న ఉల్లిపాయల్లా పొరలు పొరలుగా ఉన్నాయి. వేళ్ళతో నలిపి వాసన చూడమంది. నాకు తుమ్ము వచ్చింది. మా ఆయన కూడా చాలాసేపు వాసన చూసి, ఏమీ మాట్లాడకుండా మొగ్గలు వెనక్కి ఇచ్చేశారు. మాట్లాడకపోవడం ఆయన స్వభావం కాదు. అయినా నేను పట్టించుకోలేదు.

పదకొండుకు వసారాలో కూర్చున్నాం. ఈ ఏల్‌ను కుళాయి తిప్పి పొయ్యరు, చేతి పిడి లాగి పైకి తోడతారు. చూడటానికి అచ్చం మా వీధి బోరింగు కొట్టినట్టే ఉంటుంది. గ్లాసులో రాగి రంగు, పైన వేలెడు నురగ. స్రవంతి తనే తెచ్చి పెట్టి, పక్కనే నిలబడింది.

మా ఆయన గ్లాసును వెలుతురులో తిప్పి చూశారు. ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకున్నారు. "ఇదీ! చూడు సలోమీ, ఈ చేదు మొదట నాలుక కొసకు తగలదు. వెనక్కి పోయి కూర్చుంటుంది. తర్వాత మెల్లగా లేస్తుంది. నలభై ఏళ్ళ కింద తాగినట్టే ఉంది."

స్రవంతి ముఖం వెలిగిపోయింది. తను కూడా చూద్దామని ఇంకో గ్లాసులో కాస్త తోడుకుని నోట్లో పోసుకుంది. వెంటనే ఆ వెలుగు పోయింది.

"అయ్యో, అంకుల్, సారీ! నిన్న పైపులు కడిగి బిగించేటప్పుడు తారుమారు చేసినట్టున్నాను. ఇది బిట్టర్ కాదు. చేదు వద్దనేవాళ్ళ కోసం కాచే తియ్యటి ఏల్. రంగు ఒకటే గానీ..." అని, మా ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

ఆ అమ్మాయి గబగబా రెండో పిడి లాగి, అసలు బిట్టర్ తెచ్చి పెట్టింది. మా ఆయన ఈసారి చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నారు. గ్లాసు కింద పెట్టి, "ఇదీ బాగుంది" అన్నారు.

ఆ "బాగుంది" నాకు తెలుసు. ఉప్పు లేని పప్పుకు అన్న బాగుంది అదే. ఎనిమిది నెలలుగా నా ప్రతి కూరకూ అన్న బాగుంది అదే.

"మీకు రుచి తెలియడం లేదు కదా?" అన్నాను.

ఆయన సముద్రం వైపు చూశారు. స్రవంతి వంటింట్లో ఏదో పని ఉన్నట్టు మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది.

"జ్వరం తగ్గినాక పోయింది" అన్నారు. "వాసన లేదు, రుచి లేదు. కారం మాత్రం మండుతుంది. అదే వస్తుందిలే అనుకున్నా. రాలా. వేపాకు నమిలి చూశా, అదీ తగల్లా. నాకు బాగా గుర్తున్న చేదు ఇదొక్కటే. ఇదైనా తగులుతుందేమోనని వచ్చా."

"నాకెందుకు చెప్పలేదు?"

"ముప్పై అయిదేళ్ళు నీ వంటకు వంకలు పెట్టినా. రుచే తెలీనోడికి చేసి పెడుతున్నానని తెలిస్తే, ఇంక నీకు వండబుద్ధవుతుందా?"

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు కోపమే బయటికొచ్చింది. "మరి నేను కూడికలో చెప్పిన సాక్ష్యం ఏం కావాలి? వచ్చే వారం లేచి, దేవుడు మార్చలేదు, జ్వరం మార్చిందని చెప్పనా?" అన్నాను. ఆయన నవ్వు ఆపుకోబోయారు, వీలుకాలేదు. నాకూ నవ్వు వచ్చింది.

అప్పుడు నేను చేసిన పని మా అమ్మ బతికుంటే నమ్మేది కాదు. గ్లాసు నా వైపు లాక్కుని, ఒక గుక్క తాగాను.

"ఎట్టుంది?" అన్నారు ఆయన, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

"చేదుగా ఉంది."

"అది అందరికీ తెలుసు. సరిగ్గా చెప్పు."

ఇంకో గుక్క తాగి, తొందరపడకుండా చెప్పాను. "మొదట కాల్చిన రొట్టె అంచు. తర్వాత బిస్కెట్. వెనకాల నారింజ తొక్క గోటితో గిల్లినప్పటి వాసన. ఎండుగడ్డి కూడా ఉంది."

"గొంతు దిగినాక?"

"డికాక్షన్ ఎక్కువైన టీ తాగినట్టు నోరు ఆరిపోయింది." నిజం కాబట్టి అదీ చెప్పాను. "ఇంకో గుక్క కావాలనిపిస్తోంది."

ఆయన బల్ల మీద అరచేత్తో కొట్టారు. "అదే! బిట్టర్ అంటే అదే!" అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రేవు పబ్బులో ముసలి కళాసీలు పొద్దుగూకేదాకా ఒక్క గ్లాసు పట్టుకుని ఎలా కూర్చునేవారో మళ్ళీ చెప్పారు. ఎన్నోసారో తెలియదు గానీ, కథ మధ్యలో నేను ప్రశ్నలు అడగడం మాత్రం అదే మొదటిసారి.

మా నవ్వులు విని స్రవంతి ధైర్యం చేసి బయటికొచ్చింది. సంగతి తెలిశాక, గట్టి రకం కూడా చిన్న గ్లాసులో తెచ్చి నా ముందు పెట్టింది. రుచి చూసి, "ఇందులో మాడు వాసన ఉందమ్మా. బెల్లం పాకం అడుగంటినట్టు" అన్నాను.

ఆ అమ్మాయి నా చేయి పట్టుకుంది. "కాచే రోజు అడుగంటిందని నాకూ అనుమానమే ఆంటీ. మూడు వారాల నుంచి వచ్చినోళ్ళందరినీ అడుగుతున్నా. అందరూ సూపర్ అంటారు. ఒక్కరూ నిజం చెప్పలా." ఆ పీపా ఇంక పొయ్యనని, ఆ రకం మళ్ళీ కాస్తానని అక్కడే తేల్చేసింది. మా ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

నేను మొత్తం నాలుగు గుక్కలు తాగాను. మా ఆయన ఆరు అంటున్నారు. రుచి తెలియని మనిషి మాటను పాఠకులు నమ్మనక్కరలేదు.

ఒంటిగంటకు వంజరం చేప వేపుడుతో భోజనం చేసి, ఎండ తగ్గేదాకా వసారాలోనే కూర్చున్నాం. మూడింటికి ఇసుకలో కొంత దూరం నడిచాం. వేట నుంచి వచ్చిన పడవలు రేవు వైపు వెళుతున్నాయి. సోమవారం నెల్లూరులో ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకుందామని అన్నాను. ఎనిమిది నెలలు దాచినందుకు సిగ్గుగా ఉందేమో, మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు.

నాలుగింటికి మస్తానయ్య వచ్చాడు. తిరుగు రైలు బిట్రగుంటలో ఎక్కితే చోటు దొరకదని విని, కావలికి పోనిమ్మన్నాం. స్టేషను దగ్గర బండి మీద దోసెల పిండితో పులిబొంగరాలు వేస్తుంటే ఒక పొట్లం కట్టించుకున్నాను. అయిదున్నరకు రైలు కదిలింది. కిటికీ పక్కన చోటు దొరికింది. పొట్లం విప్పి ఆయనకు ఒకటి ఇచ్చి, అలవాటు కొద్దీ "ఎట్టుంది?" అన్నాను.

ఆయన నమిలారు. బాగుంది అనబోయి ఆగారు. "వేడిగా ఉంది. పైన కరకర, లోపల మెత్తన. అంతవరకే తెలుస్తుంది నాకు."

ఎనిమిది నెలల్లో ఆయన నాకిచ్చిన మొదటి నిజమైన జవాబు అది. ముప్పై అయిదేళ్ళ వంకలన్నిటికన్నా, ఆ తర్వాతి పొగడ్తలన్నిటికన్నా అదే నాకు నచ్చింది. వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే: వారం మధ్యలో వెళ్ళండి, ఐసు అడగకండి, ఆ అమ్మాయి ఎలా ఉందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి.

"మిగతాది నువ్వు చెప్పు" అన్నారు మా ఆయన, పొట్లం నా వైపు జరిపి.

నేను ఒకటి నోట్లో వేసుకున్నాను. పిండి బాగా పులిసింది. ఉల్లిపాయ ఇంకా పచ్చిగానే ఉంది. జీలకర్ర ఒక్కొక్కటిగా పంటికి తగులుతోంది. మనుబోలు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను. ఆయన మెల్లగా నములుతూ వింటూనే ఉన్నారు.