కారు పుట్టిన ఊరు

అల్ ఖర్జ్ దగ్గర తోటలో మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, పాత అమెరికన్ కార్లు పెట్టుకున్నాడు. వాటిని బాగుచేసే మెకానిక్‌ని నేను. శుక్రవారం స్నేహితులు వస్తే వాళ్లకు గహ్వా కాఫీ పోయించి, నన్ను పిలిచి చాసిస్ నంబరు చదవమంటాడు. తలుపు తీస్తే ఆ నంబరున్న చిన్న రేకు కనిపిస్తుంది. మూడో అంకె సరిసంఖ్య అయితే పుట్టుకతోనే ఎనిమిది సిలిండర్ల బండి. ఆరోది తయారైన ఏడాది. తర్వాతి అక్షరం దాని ఊరు.

“బి అంటే బాల్టిమోర్,” అంటాను. అందరూ మాషా అల్లా అంటారు. ఆ ఊరు వాళ్లూ చూడలేదు, నేనూ చూడలేదు.

మొన్న కొత్తగా వచ్చిన ఒక పెద్దాయన నన్ను చూపించి, “మరి ఇతనిది ఏ ఊరు?” అని అడిగాడు.

“హిందీ. కేరళ,” అన్నాడు కఫీల్. హిందీ అంటే ఇక్కడ ఇండియావాడని.

నాది కడప జిల్లా. ఆ ముక్క నా పాస్‌పోర్టులో అచ్చు వేసి ఉంది. ఆ పాస్‌పోర్టు ఏళ్లుగా అతని బీరువాలోనే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“బాబా, నాది కేరళ కాదు,” అన్నాను.

కార్లకు రంగులేసే మదనపల్లె ఆయన వెనక నుంచి నా చొక్కా లాగాడు. “గమ్మునుండు అన్నా. ఇంగోసారి చెప్దువులే.”

కఫీల్ అప్పటికే పక్క కారు తలుపు తీశాడు. “అది తర్వాత. ఇదెక్కడ పుట్టిందో చెప్పు.”

వంగి, చదివి, చెప్పాను. అందరూ మాషా అల్లా అన్నారు.