నేల మీద ఇరవై శ్వాసలు

మొన్న ఆదివారం, ఇప్పుడు మేముంటున్న ఏజాక్స్‌లో మేం సరుకులకు వెళ్ళే ఇండియన్ స్టోరు ముందు ఓ పెద్దమనిషి కారు దిగి, నాలుగడుగులు వేసి, గడ్డకట్టిన మంచు మీద జారి వెల్లకిలా పడ్డాడు. నాకూ ఆయనకూ మధ్య ఒక్క ట్రాలీ అడ్డం, అంతే. నేను సోనామసూరి బస్తా పొట్టకు ఆనించుకుని అలాగే నిలబడ్డాను. ఎక్కడో అవతల కార్ల వరుసలో ఉన్న మా ఆవిడ బూట్లు జారుతున్నా పరుగెత్తుకొచ్చి, ఎవరో ఇద్దరు కాలేజీ పిల్లల్ని కేకేసి, ఆయన్ని లేపి కూచోబెట్టింది. దెబ్బేమీ తగల్లేదు, కళ్ళజోడు మాత్రం విరిగింది. కార్లో కూచున్నాక, "పక్కనే ఉండి గుడ్లప్పగించి చూస్తారేంటండీ? బస్తా కింద పెడితే అరిగిపోద్దా?" అంది. నడుం పట్టేసిందని చెప్పాను. అది అబద్ధం. పడ్డ మనిషిని చూడగానే నాలోపల ఎవరో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఆ లెక్క నాకు నేర్పినవాడు ఒక ఐస్‌లాండు మనిషి. ఆయన గురించి ఇంతవరకు ఎవరు అడిగినా మంచే చెప్పాను. నా గురించి కూడా మంచే చెప్పుకున్నాను.

మాది కాకినాడ. కాలేజీ రోజుల నుంచీ పరిషత్తు నాటకాలు వేసినవాణ్ణి. తెలియనివాళ్ళ కోసం చెప్పాలంటే, పరిషత్తు నాటకంలో స్టేజీ మీద మైకులు వేలాడుతుంటాయి. ప్రాణం పోతున్న పాత్రయినా సరే ఆ మైకు కిందికి నడిచొచ్చి మరీ చావాలి. అలా చాలాసార్లు చచ్చి రెండు షీల్డులు తెచ్చుకున్నాను. తరవాత టెస్టింగ్ ఉద్యోగం మీద మాంట్రియల్ వచ్చిపడ్డాక, ఫ్రెంచి రాక, ఇంగ్లీషు చాలక, తెలుగు డైలాగు వినే నాథుడు లేక గొంతు దురద పెడుతున్న రోజుల్లో, ఆఫీసు లిఫ్టులో ఓ కాగితం కనబడింది. మాటలు అక్కర్లేని నటనకు సాయంకాలం క్లాసులట. ఇంటికెళ్ళి మా ఆవిడకు చెబితే, "మాటల్లేకుండా నాటకమేంటండీ? దానికి మీరెందుకు, మన గోడ చాలదా?" అంది. అయినా వెళ్ళాను. మొదటి రోజే మా డైరెక్టరు, ఆ ఐస్‌లాండు మనిషే, నా చేత ఒక డైలాగు చెప్పించుకుని, కళ్ళు మూసుకుని విని, "నీ గొంతు చాలా బాగుంది. రేపటి నుంచి దాన్ని ఇంటిదగ్గర వదిలేసి రా" అన్నాడు. పన్నెండు మంది నవ్వారు. పదకొండేళ్ళు వెళ్ళాను.

మా డైరెక్టరు అనడమే తప్ప ఆయన్ని ఎలా పిలవాలో నాకు చివరిదాకా తేలలేదు. వాళ్ళ దేశంలో ఇంటిపేర్లుండవు. తండ్రి పేరుకు కొడుకు అని తగిలిస్తే అదే పేరు. దేశాధ్యక్షుణ్ణయినా పేరు పెట్టే పిలుస్తారట. అందరూ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తుంటే నేను ఒక్కణ్ణే "సార్" అనేవాణ్ణి, ఆ మాట అన్నప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగి ఆ సారెవరా అని వెతికేవాడు. ఆరడుగుల పైన మూడంగుళాలు. గొర్రె ఉన్ని స్వెట్టరు, అదీ తిరగేసి తొడుక్కునేవాడు. జేబులో ఎప్పుడూ అతిమధురంతో చేసి ఉప్పు దట్టించిన నల్లటి మిఠాయి ఉండేది. మెచ్చుకున్నవాళ్ళకు ఒకటి ఇచ్చేవాడు. తిన్నవాడికి ఇది మెప్పా శిక్షా అని అనుమానం వచ్చేది. అవునని చెప్పాలంటే ఊపిరి బయటికి వదులుతూ కాకుండా లోపలికి పీలుస్తూ అనేవాడు. మొదట్లో ఉబ్బసం అనుకున్నాను, వాళ్ళ ఊళ్ళో అందరూ అలాగే అంటారట.

ఆయన కెరీరు అని పేపర్లలో రాసేదంతా ఆయన చెప్పగా నేను విన్నది ఇంతే. చేపల ఊళ్ళో పుట్టి, పదహారేళ్ళకు చేపల ఫ్యాక్టరీలో తలకాయలు నరికి, అక్కణ్ణించి రాజధానిలో నటన స్కూల్లో చేరాడు. ఇరవై నాలుగేళ్ళకు నీళ్ళలో మునిగిపోతున్న మనిషి వేషం వేశాడు, స్టేజీ మీద చుక్క నీరు లేకుండా. చూస్తున్న ఒకావిడ లేచి అరిచిందట. ఆ ఒక్క వేషంతో దేశమంతా పేరొచ్చింది, ఆ పేరు మోయలేక దేశం వదిలాడు. యూరప్‌లో దేహంతో నటించడం నేర్చుకుని, ఓ నాటకోత్సవానికని మాంట్రియల్ వచ్చి, ఒకామె కోసం ఆగిపోయాడు. ఆమె రెండేళ్ళకు వెళ్ళిపోయింది, ఈయన ఉండిపోయాడు. ఊళ్ళో పేరున్న సర్కసువాళ్ళు పిలిస్తే, రెండు నెలలు చేసి, పడితే దెబ్బ తగలకుండా కింద కట్టే వలలు తీసెయ్యమని పోట్లాడి బయటికొచ్చాడు. నటించడం మానేసి డైరెక్షనే చేసుకున్నాడు. పొగుడుతూ వచ్చిన రివ్యూలు చెత్తబుట్టలో వేసి, తిట్టినవాటికి ఫ్రేములు కట్టించి బాత్‌రూంలో పెట్టుకున్నాడు. అక్కడ కూచుంటే పదిహేనేళ్ళ తిట్లు చదువుకోవచ్చు.

మా హాలు ఒకప్పటి బట్టల ఫ్యాక్టరీలో మూడో అంతస్తు. హీటరుండేది గాని వేసేవాడు కాదు. మొదటి మూడు నెలలూ పడడమే నేర్పేవాడు. నిలబడ్డచోట పడడం, మెట్టు మీంచి పడడం, నవ్వుతూ పడడం. దానికో కట్టడి ఉంది, అదే ఆయన నాటకమంతా. పడ్డవాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇరవై పెద్ద శ్వాసలు తీసే దాకా కదలకూడదు, ఒకడు పైకి లెక్కపెట్టాలి. "పడినవాణ్ణి వెంటనే లేపేస్తే మీరు మంచివాళ్ళవుతారు. నాటకం చచ్చిపోతుంది" అనేవాడు. నిజంగా దెబ్బ తగిలితే పడ్డవాడు అరచేత్తో నేలను రెండుసార్లు కొట్టాలి, అప్పుడు మాత్రం పరుగెత్తవచ్చు. ఒకసారి కొడితే లెక్కలోకి రాదు, పాత్ర కూడా నేలను కొట్టవచ్చు కదా. ఒక చలికాలం ఆయనే పడి చూపిస్తూ నేలను ఒకసారి కొట్టాడు. క్విబెక్ అమ్మాయి ఒకతె, ఇరవై రెండేళ్ళది, ఆగలేక వెళ్ళి ఆయన తల పట్టుకుంది. ఆయన లేచి ఒళ్ళు దులుపుకుని, "నువ్వు నర్సింగుకి వెళ్ళు, అక్కడ మంచివాళ్ళు కావాలి" అని ఆమె బ్యాగు తలుపు బయట పెట్టాడు. ఆ పిల్ల మెట్ల మీద కూచుని ఏడుస్తుంటే మేమంతా ఆమెను దాటుకుంటూ ఇళ్ళకు పోయాం. నేను మరీ ఘోరం. మర్నాడు ఆయన నాకొక నల్ల మిఠాయి ఇస్తే తీసుకున్నాను.

పదకొండో ఏట ఆయన ఒక నాటకం కట్టాడు. ఓ ముసలివాడు తన ఇంట్లో తలుపు దగ్గర పడిపోతాడు. లేచి ఆ తలుపు తీయాలి. గంటా పది నిమిషాలు ఇదే. ఆ వేషం నాకిచ్చాడు. అప్పటికి నేను అసిస్టెంటుని కూడా, లెక్కపెట్టేవాణ్ణి నేనే. నలభై ఎనిమిదేళ్ళ వయసులో మొట్టమొదటి పెద్ద వేషం. ఆఫీసులో సెలవంతా పెట్టేశాను. మా బావమరిది కుటుంబం ఏజాక్స్ నుంచి వస్తామని టికెట్లు కొన్నారు. ఎప్పుడూ నా నాటకాల మొహం చూడని మా అమ్మాయి కూడా ఫ్రెండ్స్‌తో వస్తానంది. ఇంకా మూడు వారాలుందనగా ఒక సాయంత్రం, అందరి ముందూ, నన్ను తొమ్మిదిసార్లు పడమన్నాడు. తొమ్మిదోసారి లేచాక అన్నాడు: "నువ్వు పడితే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పడ్డట్టుంది. నాకు మనిషి పడాలి. ఇది నేనే వేస్తాను." ఇరవై ఏళ్ళ తరవాత మళ్ళీ స్టేజీ ఎక్కుతున్నాడని అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికెళ్ళి మా ఆవిడతో డైరెక్టరు గారికి వెయ్యాలని ముచ్చట పుట్టిందని చెప్పాను. "మరి టికెట్లో?" అంది. ఆ రాత్రి నేను ఆయన కాలు విరగాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. దణ్ణం పెట్టుకోవడం నాకలవాటు లేదు, అందుకే గుర్తుంది.

నాలుగు రోజులకు ఆయన పడ్డాడు. శనివారం మధ్యాహ్నం రిహార్సలు. ముసలివాడు బయటికి వెళ్ళబోతూ కోటు తొడుక్కునే చోట, కుడిచెయ్యి ఇంకా కోటులోనే ఉండగా, నేల మీద సుద్దతో గీసిన గుర్తుకు రెండడుగుల ఇవతలే పడిపోయాడు. నేను లెక్క మొదలుపెట్టాను. మూడో శ్వాస దగ్గర ఆయన ఎడమ చెయ్యి లేచి నేలను కొట్టింది. ఒకసారి. అందరూ నా వైపు చూశారు. రెండోది రాలేదు. ఒకరిద్దరు నవ్వుకున్నారు కూడా, ఈ ముసలాడు మళ్ళీ మనకు పరీక్ష పెడుతున్నాడని. ఆరు అన్నాను. ఏడు అన్నాను. ఎనిమిదో శ్వాస దగ్గర ఆయన నోరు ఒక పక్కకు వాలి చొంగ కారింది. కళ్ళు నన్నే చూస్తున్నాయి. నాకు తెలిసిపోయింది. తెలియలేదని చాలామందికి చెప్పాను, అంబులెన్సు వెంట వచ్చిన పోలీసాయనకు చెప్పాను, మా ఆవిడకు చెప్పాను. తెలిసింది. తొమ్మిది అన్నాను. సార్, ఇప్పుడు పడిందెవరు, మనిషేనా, అని మనసులో అనుకున్నాను. సంతోషమేసింది, ఇది దాచి లాభం లేదు. ఆ సంతోషంతోనే ఆ వాలిన నోటిని, మూతపడుతున్న రెప్పను, బిగుసుకుపోయిన చూపుడువేలిని ఒక్కొక్కటిగా చూసి పెట్టుకున్నాను. ఇరవై దాకా లెక్కపెట్టి, అప్పుడు పరుగెత్తి, అందరికంటే గట్టిగా నేనే ఏడ్చి, నేనే అంబులెన్సుకు ఫోను చేశాను.

పడి ఎంతసేపయిందని హాస్పిటల్లో అడిగితే, పడీ పడగానే ఫోన్ చేశామన్నాను. ఆ ఒకటిన్నర నిమిషం వల్ల తేడా ఏమీ వచ్చి ఉండదని తరవాత డాక్టరు ఫ్రెండొకడు ధైర్యం చెప్పాడు. వాడికి నేను ఏడో శ్వాస వరకే చెప్పాను. ప్రాణం దక్కింది. కుడిపక్క పడిపోయింది. నేర్చుకున్న భాషలు ఇంగ్లీషూ ఫ్రెంచీ పూర్తిగా పోయి, చిన్నప్పటి భాష మాత్రం ముక్కలు ముక్కలుగా మిగిలింది. ఐస్‌లాండు నుంచి వాళ్ళ చెల్లెలు వచ్చింది. ఆవిడ కూడా అవునని ఊపిరి లోపలికి పీలుస్తూనే అనేది. హాస్పిటల్ కాఫీ తాగుతూ ఆవిడే చెప్పింది, వాళ్ళ నాన్న అలాగే తలుపు దగ్గర పడి రోజున్నర ఉన్నాడట. ఈయన అప్పుడేదో దేశంలో నాటకం ఆడుతున్నాడట. "ఆ వేషం ఎవరో పరాయివాడికి ఇచ్చానని ఫోన్‌లో బాధపడ్డాడు. మళ్ళీ నేనే వేస్తున్నానని వారం క్రితం చెప్పాడు, ఎంత తేలికపడ్డాడో" అంది. ఆ పరాయివాడు నేనేనని చెప్పలేదు.

నాటకం ఆపొద్దని అందరూ అన్నారు. ఆయన కోసమైనా ఆడాలన్నారు. వేషం నాకు తిరిగొచ్చింది. నేను వద్దనలేదు, వద్దన్నట్టు ఒక పూట మొహం పెట్టాను. మొదటి రోజు హాలు నిండింది. చక్రాల కుర్చీలో ఆయన, పక్కన చెల్లెలు, ముందు వరుసలో. నేను సుద్దగుర్తుకు రెండడుగుల ఇవతలే పడ్డాను. నోరు వాల్చాను. రెప్ప దించాను. చూపుడువేలు బిగించాను. వెనక ఎవరో వెక్కడం వినబడింది. అయిపోయాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా బావమరిది "బావా, ఎక్కడ నేర్చావ్ బావా!" అని కావలించుకున్నాడు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "డాడ్, దట్ వజ్ సో రియల్" అంది. నా కూతురు నన్ను మెచ్చుకున్న మొదటి మాట అది, ఈనాటికీ దాన్ని సంతోషంగా తలుచుకోలేను.

అందరూ పక్కకు తప్పుకున్నాక ఆయన దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూచున్నాను. ఆయన ఎడమ చేత్తో నా గడ్డం పట్టుకున్నాడు. ఏదో చెప్పాడు. ఒక్కొక్క ముక్కా తవ్వుకుంటూ చాలాసేపు పట్టింది. చెల్లెలు ఆయన నోటి దగ్గర చెవి పెట్టి అర్థం చేసుకుంది. "నోరు తప్పు వైపుకు వాలిందంటున్నాడు. కుడికి వాలాలట" అంది. నిజమే. ఎదురుగా నిలబడి చూసినవాణ్ణి కదా, అద్దంలో చూసినట్టు తిరగేసి నేర్చుకున్నాను. నేను ఎక్కడ నిలబడి చూశానో, ఎంత తీరిగ్గా చూశానో ఆయన నేల మీంచి చూస్తూనే ఉన్నాడు. కోపంగా ఉన్నాడా అని మొహంలోకి చూశాను. పనిలో ఉన్నప్పటి మొహమే, తప్పు దిద్దేటప్పటి మొహం. గడ్డం వదిలి, తన నోటిని వేలితో చూపించి, నా నోటిని కుడివైపుకు లాగి సరిచేశాడు. "థాంక్యూ సార్" అన్నాను.

మర్నాటి నుంచి కుడివైపుకే వాల్చాను. పద్దెనిమిది ప్రదర్శనలు, అన్నిటికీ పొగిడారు. చెల్లెలు ఆయన్ని తన వెంట తీసుకెళ్ళిపోయింది, మూడు చలికాలాల తరవాత ఆయన వాళ్ళ ఊళ్ళోనే పోయాడు. చెల్లెలు రెండు వాక్యాల ఈమెయిలు పెట్టింది. నేను అప్పటికి ఉద్యోగం మారి ఏజాక్స్ వచ్చేశాను, మళ్ళీ నాటకం వెయ్యలేదు. క్షమించమని అడగడానికి ఆ మూడేళ్ళలో కనీసం పదిసార్లు ఫోను తీశాను, ఏ భాషలో అడగాలన్న సాకు దొరికింది, పెట్టేశాను. వచ్చే వేసవికి నాకు ఆయన పడిననాటి వయసు వస్తుంది. కాలం నన్ను ఆ నేల నుంచి ఏటేటా దూరంగా తీసుకుపోతోందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది తీసుకుపోతున్నది అక్కడికే.