ఒలిందో గీసిన బంగారు గీత

ఇటలీలో మా లూగో ఊళ్లో తురోని మోటారుసైకిళ్ల ఫ్యాక్టరీ ఎందుకు మూతపడిందని ఎవరినడిగినా యజమాని ముసలాయన మొండితనం అంటారు. నోటికొచ్చినట్టు వాగుతారు! నేను పదకొండేళ్లు అక్కడ సీట్లు కుట్టాను. దాన్ని ముంచింది మేమే.

ఒలిందో పెట్రోలు ట్యాంకుల మీద బంగారు రంగు గీత గీసేవాడు. స్కేలు లేదు, అచ్చు లేదు. ఉడుత వెంట్రుకల కుంచె ముంచి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపున లాగేవాడు. అతను కుంచె ఎత్తితే పక్కన సుత్తులు ఆగాలి, అది మా కట్టుబాటు. యాభై నాలుగులో మా బండి పెద్ద రోడ్డు పందెం గెలిచింది. ఆర్డర్లు వచ్చిపడ్డాయి, నూటపది మందిమయ్యాం. కొనేవాళ్లు ముందు ఆ గీతనే తడిమి చూసేవాళ్లు. తురోనిగారు ఒలిందో భుజం మీద చెయ్యేసి, "వీడి చెయ్యే నా సంతకం" అనేవారు.

తర్వాత చవక కార్లొచ్చాయి. "ఆ డబ్బాలో కూర్చునేవాడూ ఒక మగాడేనా?" అని మధ్యాహ్నం పియదీనా రొట్టెలు తింటూ వెక్కిరించేవాళ్లం. వెక్కిరించినవాళ్లమే ఒక్కొక్కరం కొనుక్కున్నాం. గేటు దాకా తెచ్చే ధైర్యం ఎవరికుంది? చర్చి వెనక సందులో నిలిపి, ఏమీ ఎరగనట్టు నడిచొచ్చేవాళ్లం. అవును, నేనూ మా ఆయనా కూడా.

ఒలిందో మాత్రం కొనలేదు. ఒకసారి వాళ్ల చంటిది బండి మీద వానకు తడిసి, న్యుమోనియాతో చావు తప్పి బయటపడింది. భార్య దేర్నా ఊరుకుంటుందా? "నీ గీత నా బిడ్డకి గొడుగు పడుతుందా?" అని నిలదీసింది. ఆ నెలలోనే కారు కొన్నాడు.

"అయ్యగారికి తెలిస్తే ముఖం ఎక్కడ పెట్టుకోను అక్కా?" అని నా దగ్గర ఏడ్చాడు.

నవంబరులో ఒక పొద్దున కుండపోత. ఒలిందో ఆ సందులో కారు ఆపి, వాన తగ్గేదాకా పెళ్లాం బిడ్డలతో లోపలే కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ల తురోనిగారు మా బండి మీదే తడిసిముద్దయి అటొచ్చారు. ఒలిందోని చూసి, దిగి, అద్దం మీద కొట్టారు.

"జరగవోయ్."

లోపల కూర్చున్నారట. చంటిదాని పాదం పట్టుకుని చూశారు.

"వెచ్చగా ఉంది. మంచి పని చేశావురా."

"క్షమించండి అయ్యగారూ."

"ఈ కార్లన్నీ మనవాళ్లవేనా?"

ఒలిందో తలూపాడు.

"మరి మన బండ్లు ఎవరు కొంటార్రా?"

క్రిస్మస్‌కు ముందే ఫ్యాక్టరీ మూశారు. చివరి రోజు ఒలిందో కారు గేటు లోపలికి తెప్పించి, తురోనిగారే రంగు డబ్బా, కుంచె తెచ్చారు. "దీనికీ గీయరా. ఒక్కసారి చూసుకుంటాను" అన్నారు. మేమంతా చుట్టూ నిలబడ్డాం. ఆపడానికి ఏ సుత్తీ మోగడం లేదు. తలుపు మధ్యకు వచ్చేసరికి ఒలిందో గీత వంకరపోయింది. తుడవబోతే ముసలాయన చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీ."

ఒలిందో మళ్లీ కుంచె పట్టలేదు. ఆ కారు పందొమ్మిదేళ్లు నడిపాడు. ఆ వంకర గీతని ఊరికే సరిచేసిపెడతామని రంగులవాళ్లు అంటే, "ముట్టుకున్నారంటే చెయ్యి విరుస్తా!" అని అరిచేవాడు.