కళ్ళజోళ్ళక్కకు వచ్చిన అనుమానం

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది కాబట్టి చర్చి సంఘంలో అందరికీ ఆమె కళ్ళజోళ్ళక్క. ఆదివారం ఉదయం చర్చి వెనక గదిలో పిల్లలకు బైబిలు కథలు చెప్పేది. సిలువ మీద చనిపోయిన యేసు మూడోనాడు లేచాడని చెప్పే ఖాళీ సమాధి కథ మొదలుపెడితే గడుగ్గాయిలు కూడా నోళ్ళు తెరుచుకుని వినేవారు. భర్త పోయాక ఆమెకు ఆ కథే ఊపిరి. ప్రభువు లేచాడంటే తన మనిషీ ఏదో ఒకనాడు ఎదురొస్తాడు, అంతే.

ఆ మధ్య ఒక డాక్యుమెంటరీ సంఘమంతా గగ్గోలు పుట్టించింది. శిష్యులే యేసు దేహాన్ని గుట్టుగా వేరేచోట పూడ్చారనీ, లేచాడన్న మాట తర్వాత పుట్టిందనీ దాని సారాంశం. తిట్టినవాళ్ళలో సగంమంది దాన్ని చూడనేలేదు. చూడకుండా తిట్టడమేం మర్యాద అని ఆమె చూసింది. చూశాక ముద్ద దిగలేదు. అదంతా నిజమని నమ్మి కాదు. కాదని తేల్చి చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని. మర్నాడు దుకాణంలో ఇద్దరి కళ్ళజోళ్ళు తారుమారు చేసి ఇచ్చి చీవాట్లు తింది.

ఆదివారం తలనొప్పి అని మంచం దిగలేదు. అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది.

"తలనొప్పా, ఆ సినిమా నొప్పా?"

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. "అత్తయ్యా, అదే నిజమైతే మీ అబ్బాయి ఇంక నాకు కనబడరా?"

ముసలామె కోడలి తల నిమిరింది.

"వాణ్ణి సమాధి చేసిన రోజు నేనూ అదే అడిగానే. పైకి పాట పాడుతున్నా, లోపల దేవుడితో ఒకటే పోట్లాట. ఇప్పటికీ తెగలేదు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు అంత గట్టిగా నమ్ముతుంటే, నీ ధైర్యం చెడగొట్టడమెందుకని."

"నేను గట్టిగా ఉన్నది మీ కోసం!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది అత్తగారే.

సాయంత్రం కళ్ళజోళ్ళక్క పాస్టరు గారింటికి వెళ్ళింది. "అయ్యగారూ, ఇంక నేను పిల్లలకు ఆ కథ చెప్పలేను. వేరేవాళ్ళని చూసుకోండి."

"నేనూ ఆ సినిమా రెండుసార్లు చూశానమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "అందులో ఊహలు చాలానే ఉన్నాయి. కానీ అనుమానం వచ్చినవాళ్ళని తీసెయ్యాలంటే ముందు నన్నే తీసెయ్యాలి. తెలిసింది చెప్పు. తెలియనిది తెలియదను. మానెయ్యకు."

మరుసటి ఆదివారం ఒక పిల్ల అడిగేసింది. "అక్కా, ఆ సినిమా అబద్ధమని నాన్న, నిజమని మామయ్య. ఏది నమ్మాలి?"

"నాకు తెలీదమ్మా. ఆయన లేచాడనే నా ఆశ. ఆశకి రుజువు మాత్రం నా దగ్గర లేదు."

గదిలో ఒక్కసారిగా పది చేతులు లేచాయి. ఆ రోజు గంట సరిపోలేదు.

సంగతి విని ఒక తల్లి మండిపడింది. "టీచరే తెలీదంటే ఇంకేం చెప్తావు?" అని కూతుర్ని మాన్పించింది. కొన్ని వారాలకు తనే వెంటబెట్టుకుని వచ్చి, తిరిగి వెళ్ళకుండా గుమ్మంలో నిలబడింది.

"నాకూ ఒకటి అడగాలనుంది," అంది నసుగుతూ.

కళ్ళజోళ్ళక్క కుర్చీ జరిపింది.

ఇప్పుడు ఆ గదిలో పెద్దవాళ్ళు పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటున్నారు. చాలా ప్రశ్నలకు జవాబు దొరకదు, అయినా ఎవరూ మానడం లేదు. అత్తగారిది ముందు వరస. ఎవరైనా మరీ ఖచ్చితంగా మాట్లాడితే, నమ్మేవాళ్ళయినా నమ్మనివాళ్ళయినా సరే, "ఏం, ఆ సమాధి దగ్గర నువ్వున్నావా?" అని నిలదీస్తుంది.