వీరభద్రరావు గారి దిక్కుల మొక్క

సింగపూర్‌లోని సెంబవాంగ్‌లో తెలుగువాళ్ళు ఫ్లాటు కొనాలంటే బ్యాంకు లోను వస్తే చాలదు, వీరభద్రరావు గారు కూడా సరేననాలి. ఆయన ఓ బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. పుట్టింది తణుకులోనే అయినా, వాస్తు పిచ్చి మాత్రం సింగపూర్ వచ్చాకే పట్టుకుంది. పిలవకపోయినా వస్తారు, ఫీజు పుచ్చుకోరు, కాఫీ తాగి కొంప ముంచి వెళ్తారు. దక్షిణం గుమ్మమైతే చెప్పులు కూడా విప్పరు.

ఆయన గుమ్మం మాత్రం ఉత్తరానికి ఉంది. "కుబేరుడి దిక్కండీ" అని లిఫ్టులో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవారు. ఆ కుబేరుడు ఇంతవరకూ ఇంట్లో అడుగుపెట్టిన దాఖలా లేదని భార్య కాత్యాయని వంటింట్లోంచి అంటూ ఉండేది.

ఆయన మాట విని బాగా నష్టపోయినవాడు శ్యాంసుందర్. షిప్‌యార్డులో ఇంజనీరు. ఆంగ్ మో కియోలో మంచి ఫ్లాటు కుదిరితే, దక్షిణం గుమ్మమని ఆయన కాదన్నారు. అతను వదిలేసుకుని ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉన్నాడు. బస్సు ఆ బ్లాకు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా అతని భార్య తల తిప్పేసుకుంటుంది.

ఇంత శాస్త్రానికీ ఆధారం ఫోనులోని దిక్సూచి. అదేమో ఐరన్ గేటు దగ్గర ఒక ఉత్తరం, ఫ్రిజ్ దగ్గర ఇంకో ఉత్తరం చూపించేది. ఈ కాంక్రీటు ఊళ్ళో ఇనుము ఎక్కువై దిక్కులు పాడయ్యాయని ఆయన తేల్చారు. ఆ బెంగతో వెతుకుతుంటే ఇంటర్నెట్‌లో ఓ మొక్క కనబడింది. అమెరికా గడ్డిమైదానాల్లో పెరుగుతుంది, చామంతి కుటుంబం, పొద్దుతిరుగుడు లాంటి పసుప్పచ్చని పూలు. దాని ఆకులు అంచులు ఉత్తర దక్షిణాలకు పెట్టి నిటారుగా నిలబడతాయట. కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. వీరభద్రరావు గారు వెంటనే గింజలు తెప్పించారు.

చలికాలం గడిస్తేగానీ ఆ గింజలు మొలకెత్తవట. సింగపూర్‌లో చలికాలం ఎక్కడిది? ఫ్రిజ్‌లో దోసెల పిండి గిన్నె పక్కన పెట్టారు. పిండి అయిపోతూ మళ్ళీ వస్తూ ఉండగా గింజలు అక్కడే చలికాలం గడిపేసి, ఎట్టకేలకు కారిడార్‌లో కుండీకెక్కాయి. మొక్క లేచింది. పూలకింకా ఏళ్ళు పట్టేట్టుంది గానీ, చీలికలు చీలికలుగా ఉన్న పెద్ద ఆకులు ఉత్తరానికి నిలబడ్డాయి, లేక నిలబడ్డాయని ఆయనకు అనిపించింది. ఇకమీదట మొక్క మాటే ఆఖరి మాట అని ఊరంతా చాటారు.

సరిగ్గా అప్పుడే కూతురు నిఖిల, అల్లుడు పృథ్వీ ఎదురు బ్లాకులో ఫ్లాటు చూశారు. అదే అంతస్తు. ఇక్కడ నిలబడి చెయ్యి ఊపితే అక్కడికి కనబడుతుంది. గుమ్మానికి ఎదురుగా గుమ్మం, కాబట్టి అది ముమ్మాటికీ దక్షిణమే. "అన్నయ్యగారు చూసి సరేనంటే నాకూ సరే" అని విజయవాడ నుంచి పృథ్వీ వాళ్ళమ్మ అనేసింది. కాదంటే పిల్లలు పృథ్వీ ఆఫీసున్న వన్-నార్త్ దగ్గర, ద్వీపానికి ఆ చివర అద్దెకు వెళ్ళిపోతారు.

"నాన్నా, డోర్ ఎటుంటే ఏంటి లా? యెస్ ఆర్ నో, త్వరగా చెప్పు. వేరేవాళ్ళు కూడా చూస్తున్నారు" అంది నిఖిల సింగపూర్ యాసలో.

"నేనెవరినమ్మా చెప్పడానికి? శనివారం మొక్కనే అడుగుదాం" అన్నారాయన. పక్షపాతం లేదని చూపించడానికి శ్యాంసుందర్‌ను కూడా సాక్షిగా రమ్మన్నారు. రమ్మన్నాక చిక్కు తెలిసొచ్చింది. కూతురు కళ్ళెదుట ఉండాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. కానీ పరాయివాడికి కాదన్న దక్షిణాన్ని సొంత కూతురికి అవునని ఏ మొహం పెట్టుకుని అనాలి?

శనివారం పొద్దున్న కిందున్న తిండి దుకాణాల హాకర్ సెంటర్లో కాఫీ తాగి వచ్చి లిఫ్టు దిగేసరికి, కారిడార్‌లో కాత్యాయని గొంతుక్కూర్చుని రెండు చేతులతో కుండీని తిప్పుతోంది. కాస్త తిప్పి ఎదురు బ్లాకు వైపు చూసింది. చాల్లేదని ఇంకాస్త తిప్పింది. వీరభద్రరావు గారు చప్పుడు చెయ్యకుండా వెనక్కి అడుగేసి, మళ్ళీ లిఫ్టెక్కి కిందికి దిగి, అక్కర్లేని ఇంకో కాఫీ తాగారు. ఈసారి వచ్చేటప్పుడు మలుపు దగ్గర గట్టిగా దగ్గారు.

అందరూ చేరాక ఆయన కళ్ళజోడు సవరించుకుని, ఆకులకేసి చాలాసేపు చూశారు.

"మొక్క ప్రకారం, ఎదురు గుమ్మం తూర్పు" అన్నారు.

నిఖిల తల్లిని వాటేసుకుంది. పృథ్వీ విజయవాడకి వీడియో కాల్ కలుపుతూ పక్కకి వెళ్ళాడు. శ్యాంసుందర్ మాత్రం కారిడార్ చివరికి చూశాడు. అక్కడ పొద్దు ఎక్కుతోంది.

"మరి సూర్యుడు ఆ పక్కన ఉన్నాడేంటి అంకుల్?"

"ఇక్కడి సూర్యుడికి నిలకడ లేదయ్యా. ఆర్నెల్లు కాస్త అటు, ఆర్నెల్లు కాస్త ఇటు. మొక్క అలా కాదు."

"అయితే ఎదురుగా ఉన్న మీ గుమ్మం పడమర కదా అంకుల్?"

వీరభద్రరావు గారు తన గుమ్మం వైపు చూసుకున్నారు. ఇన్నేళ్ళ కుబేరుడు ఒక్క మాటతో ఖాళీ చేసి వెళ్ళిపోతున్నాడు.

"అవును, పడమరే" అన్నారు.

శ్యాంసుందర్ తలూపి, కుండీ దగ్గర వంగి ఆకును మెల్లిగా ముట్టుకున్నాడు. "మేం ఆ ఫ్లాటు చూసినప్పుడు ఈ మొక్క ఉండుంటే బావుండేది అంకుల్. ఏమో, మాదీ తూర్పే అయ్యుండేదేమో."

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే నమ్మి అన్నాడు. తిట్టినా బాగుండునని వీరభద్రరావు గారికి అనిపించింది.

కాత్యాయని కాఫీ గ్లాసు శ్యాంసుందర్ చేతికిచ్చింది. "ఇంకో ఫ్లాటు చూసుకో బాబూ. గుమ్మం ఎటున్నా పర్వాలేదు. ఈ కుండీ నేను పట్టుకొస్తాను."

వీరభద్రరావు గారు వంగి కుండీ అంచు పట్టుకున్నారు.

"అది బాగా బరువు కాత్యాయనీ. నువ్వొక్కదానివే ఏం తిప్పుతావు, ఈసారి నేనూ ఓ చెయ్యి వేస్తాను."