రబ్బరు మ్యాటు కింద

బండి వెనక కొక్కెంతో తగిలించుకునే తన ట్రెయిలర్ అడిగినవాళ్ళెవరికీ ఆల్ఫే బ్యూట్ లేదనడు. ఇచ్చేముందు మాత్రం ఒక ఉపన్యాసం ఇస్తాడు. అది వినే ఓపిక లేనివాళ్ళు సామాను భుజాన వేసుకుని మోసుకోవలసిందే.

ఆయన ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపాడు. ఇప్పుడు రేవులో గడ్డాలు పెంచుకుని పడవల మీద పెత్తనం చేస్తున్నవాళ్ళంతా ఒకప్పుడు ఆ బస్సు వెనక సీట్లో జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్ళే. అందుకే ఆల్ఫే గొంతు సవరించుకుంటే ఈ వయసులోనూ చేతులు జేబుల్లోంచి తీసేసి నిలబడతారు.

"ఉప్పు ఆరకముందే మంచినీళ్ళతో కడగాలి. పైపైన కాదు, కిందికి వంగి కూడా కడగాలి. కడిగాక ముందు కొక్కెం కింద దుంగ పెట్టి ఎత్తండి, వెనక తలుపు తెరవండి, నీళ్ళు వాటంతటవే జారిపోతాయి. రంగు మీద గీత పడితే దాచకండి, వచ్చి చెప్పండి. గీతలోంచే దూరుతుంది తుప్పు."

చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి ఉత్తరపు ఒడ్డున చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచు కరిగాక సముద్రమే తన ఉప్పు తెచ్చి చల్లుతుంది. అక్కడ ఇనుము బతికి బట్టకట్టడం కష్టం. అందరి ట్రెయిలర్లూ నాలుగేళ్ళకే జల్లెడలవుతుంటే, ఆల్ఫేది మాత్రం కొన్ననాటి రంగులో నిగనిగలాడుతూ ఉండేది. ఏటా ఆకులు రాలే కాలంలో దాని కిందికి పాక్కుంటూ వెళ్ళి దట్టంగా నూనె పూత కొట్టేవాడు. అలా నడుం పట్టేసిన ప్రతిసారీ ఆయన భార్య ఎలోడీ కాపడం పెడుతూ, "నన్నయితే ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఇంత శ్రద్ధగా చూశారా?" అని అడిగేది. ఆల్ఫే నడుం మీద ఇంకాస్త కిందికి చూపించేవాడు.

ఆ ట్రెయిలర్‌ని ఊళ్ళో ఒక్క మనిషి మాత్రం ఏళ్ళ తరబడి అడగడం లేదు. అతను ఉర్బేన్ పీట్ర్, ఆల్ఫేకి చిన్ననాటి నేస్తం. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నారు, ఒకే పడవలో వాంతులు చేసుకున్నారు. ఒకసారి జూన్ ఆఖరున, లాబ్‌స్టర్ల వేట కాలం ముగిసి, వాటిని పట్టే బోనులన్నీ సముద్రంలోంచి ఇళ్ళకు చేర్చేసే రోజున, ఉర్బేన్ తన బోనులు తోలుకుని రాత్రికి ట్రెయిలర్ తెచ్చి ఆల్ఫే పెరట్లో వదిలి వెళ్ళాడు. దాని నిండా సముద్రపు నాచూ, ఎర చేపల కంపూ, ఉప్పునీళ్ళూ. రెండు రోజులుగా కన్ను మూతపడని మనిషి, పొద్దున్నే వచ్చి కడుగుదామనుకున్నాడు. ఆల్ఫే పొద్దున దాకా ఆగలేదు. ఆ రాత్రే చర్చి హాల్లో భోజనాల దగ్గర లేచి నిలబడి, "మనలో ఒకాయన ఉన్నాడు, ఆయనకి ట్రెయిలర్ ఇవ్వడమూ సముద్రంలో పారేయడమూ ఒకటే" అన్నాడు. హాలంతా నవ్వింది. ఉర్బేన్ పళ్ళెంలో ఆలుగడ్డల తురుముతో చేసిన రాప్యూర్ సగం ఉండగానే లేచి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడే ఆల్ఫే ఆవులపాకల్లో పరిచే మందపాటి నల్ల రబ్బరు మ్యాటు ఒకటి కొనుక్కొచ్చి, ట్రెయిలర్ అడుగు రేకుకి సరిగ్గా సరిపోయేలా కోసి, అంచులకు బోల్టులు బిగించాడు. ఇక ఎవడి ఉప్పూ తన ఇనుముకి తగలదు. అప్పటినుంచి ఉర్బేన్ తన బోనుల్ని గడ్డి బండి మీద తోలుకుంటున్నాడు. ఎదురుపడితే ఆల్ఫేని "మీరు" అంటాడు, "దొరగారు" అంటాడు. ఒరే అని పిలిచిన నోటితో ఆ గారు వింటుంటే ఆల్ఫేకి ఒంటి మీద తేళ్ళు పాకినట్టుండేది. అయినా ముందు తగ్గాల్సింది ఉర్బేనే కదా అనుకుని మొండికేశాడు.

ఈ ఏడు వసంతంలో ఆల్ఫే తమ్ముడు వెన్నునొప్పితో పడవ దిగిపోయాడు. పడవని కూతురు జనీక్‌కి అప్పగించాడు. ఆ రేవులో కెప్టెన్ అయిన మొదటి ఆడపిల్ల ఆమె. బోనులు సముద్రంలోకి దించే రోజు తెల్లారగానే పడవలన్నీ ఒకేసారి బయల్దేరతాయి, ముందు చేరినవాళ్ళదే మంచి చోటు. అందుకని ముందురోజు సాయంత్రానికే బోనులన్నీ పడవ మీదికి ఎక్కి ఉండాలి. జనీక్ తండ్రి ఇంటినుంచి రేవుకి బోనులు తోలి పెడతానని ఆల్ఫే మాటిచ్చాడు.

"పెదనాన్నా, ఆ రోజు ఇంకెవరికీ ఇచ్చెయ్యవు కదా?" అని జనీక్ రెండుసార్లు అడిగింది. "మొదటి రోజే నేను వెనకపడ్డానంటే, ఆడది కాబట్టి వెనకపడిందంటారు. బోనులు అందలేదని ఎవరూ అనరు."

"నా ట్రెయిలర్ ఉండగా నీకెందుకే బెంగ?"

ఆ వారం మొదట్లో ఆల్ఫే ట్రెయిలర్‌లోకి ఎక్కి టైర్లూ దీపాలూ సరిచూస్తున్నాడు. మధ్యలోకి వచ్చేసరికి కుడికాలు మెత్తగా దిగింది. పరుపు మీద అడుగేసినట్టనిపించింది. ఇంకో అడుగు వేశాడు, కింద కరకరమంది. బోల్టులు విప్పి మ్యాటు అంచు లేపాడు. ఎర్రటి నీళ్ళు కాలి బూటు మీదికి కారాయి. మ్యాటుకి అంటుకుని అప్పడాల్లాంటి తుప్పు పెచ్చులు లేచి వచ్చాయి. సుత్తి తెచ్చి కొడితే ఖంగుమనాల్సిన రేకు డొప్పలా మోగింది. ఇంకో దెబ్బకి సుత్తి అవతలికి దూరి, కింద పచ్చిక కనపడింది.

ఆల్ఫే మ్యాటు మళ్ళీ పరిచేసి, దాని మీదే కూర్చున్నాడు. ఊరందరికీ తుప్పు గురించి పాఠాలు చెప్పిన మనిషి తుప్పు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకి తల కొట్టేసినట్టయింది.

"ఏమైందండీ?" అంది ఎలోడీ కిటికీలోంచి.

"ఏం లేదు."

"ఏమీ లేకపోతే ఆ మొహం ఏమిటి, రాళ్ళ ఉప్పు నమిలినట్టు?"

రెండు రోజులు ఆయన కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. షెడ్డు తలుపు వేసుకుని తీగ బ్రష్‌తో గీకాడు. గీకినకొద్దీ కన్నం పెద్దదైంది. పక్క ఊరి వెల్డర్ దగ్గరికి వెళ్తే, పడవల పనులే తెమలడం లేదు, వచ్చే నెల రమ్మన్నాడు. ఇంకెవరి ట్రెయిలరైనా అడుగుదామంటే ఆ వారం ఎవరి బోనులు వాళ్ళకే ఉన్నాయి. ఇక మిగిలింది ఒక్కడు. షెడ్డులో వెల్డింగు యంత్రమూ, గోడకి ఆనించిన మందం రేకులూ, చేతిలో పనీ ఉన్నవాడు. అతను ఉర్బేన్.

"వెళ్ళండి," అంది ఎలోడీ. విషయం ఆయన చెప్పలేదు. షెడ్డు తలుపు సందులోంచి ఆమే చూసింది. "మీ పరువు బరువెక్కువా, ఆ పిల్ల బోనుల బరువెక్కువా? ట్రెయిలర్ మీద ఏదో ఒకటే పడుతుంది."

ఉర్బేన్ షెడ్డు గుమ్మంలో ఆల్ఫే టోపీ తీసి నిలబడ్డాడు.

"అబ్బో, దొరగారు," అన్నాడు ఉర్బేన్ పనిలోంచి తల ఎత్తకుండా. "రండి. బూట్లు జాగ్రత్త, మా గుమ్మంలో ఉప్పుంటుంది."

"పనుండి వచ్చాను."

"పని లేకుండా మీరెందుకు వస్తారు?"

ఆల్ఫే మొత్తం చెప్పాడు. ఉర్బేన్ చేతులు తుడుచుకుని, పనిముట్లన్నీ బండిలో వేసుకుని వెంట వచ్చాడు. మ్యాటు పూర్తిగా లేపి పక్కన పడేశాడు. ఒక కొసనుంచి ఇంకో కొసకి సుత్తితో తట్టుకుంటూ వెళ్ళి, డొప్పగా మోగినచోటల్లా సుద్దతో గీత గీశాడు. ఆ గీత లోపల ఒక మంచం పట్టేంత జాగా వచ్చింది.

"అంచులు గట్టిగానే ఉన్నాయి. కింద అడ్డకడ్డీలూ బాగానే ఉన్నాయి, మీ నూనె పూత పుణ్యమా అని. ఆ పూతే కప్పి ఉంచకపోతే తుప్పు కిందినుంచి ఎప్పుడో కనపడేది మీకు. ఈ మ్యాటు ఎప్పుడు వేశారు?"

"ఆ... ఆ ఏడే."

"ఏ ఏడు?"

"నువ్వు కడగకుండా తెచ్చిన ఏడు."

"ఎందుకు వేశారు?"

ఆల్ఫే టోపీని చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు. "నీ ఉప్పు తగలకుండా."

ఉర్బేన్ తుప్పు పెచ్చు ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. "నా ఉప్పు ఒక్క రాత్రిది. మీరు పొద్దున దాకా ఆగుంటే బకెట్టు నీళ్ళతో పోయేది. తర్వాత ఊరు ఊరంతా మీకు భయపడి శుభ్రంగా కడిగారు చూశారా, ఆ నీళ్ళే బోల్టు కన్నాల్లోంచి దిగి మ్యాటు కింద కాపురం పెట్టాయి. పైన గాలి తగలదు, కింద ఆరదు. కొక్కెం ఎంత ఎత్తి పెడితే ఏం లాభం?"

ఆల్ఫే ఆ పెచ్చుని వేళ్ళ మధ్య నలిపాడు. తన ఉపన్యాసాలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి.

"చేస్తాను," అన్నాడు ఉర్బేన్. "కూలి అక్కర్లేదు. రేవులో అందరి ముందూ ఒక్క మాట చెప్పండి, తుప్పు పట్టించింది ఎవరో. ఆ రాత్రి నన్ను అంతమంది ముందే కదా అన్నారు."

ఇనుము కోసే గ్రైండర్ నిప్పులు కక్కుతూ ఊరంతా వినపడేలా అరిచింది. ఉర్బేన్ కుళ్ళిన రేకుని గీత వెంట కోసి తీసేశాడు. గట్టి ఇనుము తెల్లగా మెరిసేదాకా ఆల్ఫే అంచులు గీకాడు. కొత్త రేకుని కన్నం కంటే కాస్త పెద్దగా కోసి, పైన కూర్చోబెట్టి అతకడం మొదలెట్టాడు ఉర్బేన్. ఒకేచోట వేడి పెడితే రేకు వంకర్లు పోతుందని ఇక్కడో అతుకు, అక్కడో అతుకు వేసుకుంటూ వచ్చాడు. ఆల్ఫే చూపుకి అందకుండా ఒక నిప్పురవ్వ ఎగిరి ఆయన ప్యాంటు మడతలో పడి పొగ లేచింది.

"ఒరే, కాలు తియ్యరా, తగలబడి చస్తావు," అని అరిచాడు ఉర్బేన్.

ఆల్ఫే కాలు తీశాడు. మడత దులుపుకున్నాడు. ఆ "ఒరే" ఇద్దరికీ వినపడింది, ఇద్దరూ విననట్టే ఊరుకున్నారు. ఆల్ఫే కళ్ళు మాత్రం చెమర్చాయి, పొగవల్ల అని సర్దుకున్నాడు. కాసేపటికి ఉర్బేన్ మళ్ళీ "దొరగారూ, ఆ బ్రష్ ఇటు" అనబోయి, దొర దగ్గరే ఆగిపోయి, బ్రష్ తనే తీసుకున్నాడు.

అతుకులన్నీ కలిశాక పాత రేకూ కొత్త రేకూ మధ్య సందులో నీటి బొట్టు దూరకుండా చుట్టూ బంక పూశారు. తుప్పు పట్టనివ్వని జింకు ప్రైమర్ వేసి, అది ఆరాక నల్ల రంగు రెండు పూతలు వేశారు. ఎలోడీ టీ తెచ్చి, నిలబడి చూసి, "మ్యాటు ఏం చేస్తారు?" అంది. ఇద్దరూ ఒకేసారి "పారేస్తాం" అన్నారు.

బోనులు దించే రోజుకి ముందు సాయంత్రం రేవు కిటకిటలాడింది. జనీక్ బోనుల చివరి విడత ఎండ పోకముందే పడవెక్కింది. ఆమె తాళ్ళు బిగిస్తూ పెదనాన్న వైపు చూసి నవ్వింది. ఆల్ఫే అప్పుడు ఖాళీ ట్రెయిలర్ మీదికి ఎక్కి గొంతు సవరించుకున్నాడు.

"కడుగుతాం," అన్నాడొకడు పడవలోంచి.

"కింద కూడా వంగి కడుగుతాం," అన్నాడింకొకడు.

"దుంగ పెడతాం, తలుపు తెరుస్తాం, గీత పడితే చెప్తాం," అని మిగిలినవాళ్ళు వంత పాడారు. రేవంతా నవ్వులు.

"నోరు మూసుకుని కూర్చోండి," అన్నాడు ఆల్ఫే పాత బస్సు గొంతుతో. నవ్వులు ఆగిపోయాయి. ఇద్దరు ముగ్గురు నిజంగానే కూర్చున్నారు. "నా ట్రెయిలర్‌కి తుప్పు పట్టింది. కన్నం పడింది. ఉర్బేన్ ఉప్పువల్ల కాదు, వాణ్ని నమ్మక నేను వేసిన మ్యాటువల్ల. ఆ రోజు చర్చి హాల్లో వాడి గురించి నేనన్నది తప్పు. అతుకేసింది వాడే. ఇదే చెప్దామని ఎక్కాను."

జనీక్ తాళ్ళు వదిలి అంది, "మాకు తెలుసు పెదనాన్నా. ఆ గ్రైండర్ మోత వినపడందెవరికి? నువ్వు చెప్తావా చెప్పవా అనే చూస్తున్నాం."

ఉర్బేన్ తన పడవలోంచి తల ఎత్తలేదు. తాడు ముడి వేస్తూనే, "దిగరా ఇక, రంగు పాడవుతుంది," అన్నాడు.

జనీక్ పడవ ఆ తెల్లవారి అందరికంటే ముందు వెళ్ళిందేమీ కాదు, వెనకపడనూ లేదు. ఆమెకి అది చాలు.

జూన్ ఆఖరున బోనులు తీసే రోజు ఉర్బేన్ వచ్చి పెరట్లో నిలబడ్డాడు. "ట్రెయిలర్ కావాలి," అన్నాడు. ఆల్ఫే కొక్కెం తాళంచెవి ఇచ్చాడు. నోటి దాకా వచ్చిన "ఉప్పు ఆరకముందే"ని అతి కష్టం మీద మింగాడు. మింగడం చూసి ఉర్బేన్ మీసాల్లో నవ్వుకుంటూ వెళ్ళాడు.

ఆ రాత్రి ట్రెయిలర్ రాలేదు. ఆల్ఫే కిటికీ దగ్గరికి వెళ్ళడం, మళ్ళీ వచ్చి పడుకోవడం ఎలోడీ చూస్తూనే ఉంది. "ఈసారి పొద్దున దాకా ఆగండి," అంది. ఆయన ఆగాడు.

పొద్దున్న లేచేసరికి అది పెరట్లో ఉంది. కొక్కెం కింద దుంగ పెట్టి ఉంది, వెనక తలుపు తెరిచి ఉంది. అడుగు రేకు శుభ్రంగా, పొడిగా ఎండలో మెరుస్తోంది. సరిగ్గా అతుకు మధ్యలో మాత్రం పారేస్తామన్న పాత రబ్బరు మ్యాటు ముక్క ఒకటి, అరచేయంత, పెట్టి ఉంది. ఆల్ఫే ఎక్కి దాన్ని తీసి చూశాడు. దాని కింద అరచేయంత మేర ఇంకా తడిగానే ఉంది. చొక్కా చేతితో ఆ తడి తుడిచేసి, ముక్క జేబులో వేసుకుని, టీకి ఉర్బేన్ ఇంటికి బయల్దేరాడు.